మైనం బరిణె నుంచి వ్యాక్స్ డబ్బా దాకా



మా అమ్మ పెట్టెలో ఒక చిన్న ఇత్తడి బరిణె ఉండేది. దాంట్లో మైనం. పొద్దున్నే స్నానం చేసి రాగానే వేలి కొసతో నుదుటి మీద కాస్త మైనం అద్ది, దాని మీద కుంకుమ పెట్టేది. ఎంత ఎండలో తిరిగినా, ఎంత చెమట పట్టినా ఆ బొట్టు చెదిరేది కాదు. స్టిక్కరు బొట్లు వచ్చాక మీ ఇళ్ళల్లో కూడా అలాంటి బరిణెలు అటకెక్కే ఉంటాయి. మైనం మాత్రం పోలేదండీ. నుదుటి మీద నుంచి చేతుల మీదికి దిగింది, వ్యాక్స్ అని పేరు మార్చుకుంది.

ఈ సంగతంతా ఇప్పుడెందుకంటే, మా అన్నయ్య కూతురు బోనకల్‌లో రైలుస్టేషనుకు వెళ్ళే దారిలో ఒక గది అద్దెకు తీసుకుని బ్యూటీ పార్లరు పెట్టబోతోంది. డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది. అద్దం, కుర్చీ కొనేసరికి సగం డబ్బు అయిపోయింది. "అత్తా, వ్యాక్స్ డబ్బాలు ఎన్ని రకాలున్నాయో! తేనె వ్యాక్స్ అంటారు, చాక్లెట్ వ్యాక్స్ అంటారు. ఏది తెమ్మంటావు?" అని నన్నడిగింది. పదో తరగతి చదివినదాన్ని, నాకేం తెలుసు? అయినా దాని భయం నాకు అర్థమైంది. పోయిన ఎండాకాలం మా చుట్టాల్లో ఒక పెళ్ళికూతురికి, ఏ ఊళ్ళోనో చెప్పను లెండి, కాగిన వ్యాక్స్ పూసి లాగితే ముంజేతి మీద అరచేతి మందాన తోలు ఊడొచ్చింది. మే నెలలో పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని పీటల మీద కూర్చుంది పాపం. బోనకల్ లాంటి చిన్న ఊళ్ళో అట్లాంటిది ఒక్కసారి జరిగితే చాలు, షాపు మూతబడుతుంది. అప్పు మాత్రం ఉంటుంది.

అందుకని నాకు దొరికినంతలో చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను. చూస్తే ఇది నిన్న మొన్న పుట్టిన ముచ్చట కాదు.

మన ఇళ్ళల్లో ముందునుంచీ ఉన్నది నలుగు. సున్నిపిండీ పసుపూ నూనెతో కలిపి రుద్దడం. పసిపిల్లలకు ఒంటి మీది నూగు పోతుందని మా అమ్మమ్మ రోజూ రుద్దేది. ఆ నూగు కొద్ది వారాల్లో దానంతటదే రాలిపోతుందని డాక్టర్లు చెబుతారు, కనుక ఆ పేరు పిండికి ఊరికే దక్కింది. పెద్దవాళ్ళకు కూడా నలుగు సన్నని వెంట్రుకను అరగదీస్తుందేమో గాని కుదురుతో లాగదు.

వెంట్రుకలు పోగొట్టడానికి విడిగా మందు చెప్పినవాడు మన సుశ్రుతుడు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో, పుండ్ల వైద్యం చెప్పే సందర్భంలో, శంఖచూర్ణం రెండు పాళ్ళు, హరితాళం ఒక పాలు పుల్లని ద్రవంతో నూరి పూయమన్నాడు. పుండు చుట్టూ వెంట్రుకలుంటే మానదని ఆయన బాధ, అందం కోసం కాదు. ఈ హరితాళాన్నే మనవాళ్ళు అరిదళం అంటారు. పసుపు పచ్చగా మెరుస్తుంది. అది పాషాణమే, ఆర్సెనిక్! పశ్చిమాసియాలో స్నానశాలల్లో, అంటే హమాముల్లో, సున్నమూ అరిదళమూ కలిపిన ముద్దనే వందల ఏళ్ళు వాడారు. పూసుకుని ఎక్కువసేపు ఉంటే వెంట్రుకతో పాటు చర్మమూ కాలేది. ఇవాళ ట్యూబుల్లో వచ్చే క్రీము కూడా వెంట్రుకను అట్లాగే కరిగిస్తుంది గాని, పాషాణం తీసేసి వేరే రసాయనం పెట్టారు. గోడ గడియారం చూసుకుంటూ వాడాల్సిన వస్తువే అది ఇప్పటికీ.

ఇక లాగే పద్ధతి. అరబ్బు దేశాల ఆడవాళ్ళు చక్కెర, నిమ్మరసం, నీళ్ళు కలిపి పాకం పట్టి, చల్లారాక ముద్ద చేసి చర్మానికి అంటించి లాగుతారు. దాన్ని వాళ్ళు హలావా అంటారు, అంటే తీపి పదార్థం. మన హల్వా కూడా ఆ మాటే! ఇది చదివి నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఈ విద్యలో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అరిసెలకు పాకం పట్టేటప్పుడు మనమేం చేస్తాం? పళ్ళెంలో నీళ్ళు పోసి, ఒక చుక్క పాకం వేసి, వేలితో దగ్గరికి తీస్తే ఉండ కట్టిందా లేదా అని చూస్తాం. ఈ పాకానికీ అదే పరీక్ష. లేతగా దించితే చేతికి జిగురు జిగురుగా అంటుకుని వెంట్రుకను పట్టదు, ముదిరితే గాజుపెంకు మాదిరి విరుగుతుంది. నిమ్మరసం ఎందుకంటే, జాంగ్రీ పాకంలో నిమ్మకాయ పిండేది ఎందుకో అందుకే: చక్కెర మళ్ళీ పలుకు కట్టకుండా. ఈ ముద్ద గోరువెచ్చగా ఉన్నప్పుడే పని చేస్తుంది, నీళ్ళతో కడిగితే పోతుంది. అయితే చక్కెర తేమ పీలుస్తుంది కదా, మన వానాకాలంలో నీరుగారుతుంది. ఖమ్మం ఎండల్లో చెప్పనే అక్కర్లేదు.

మరి అసలు మైనం? మాకు తూర్పున భద్రాచలం అడవుల్లో కోయలు, కొండరెడ్లు తేనె తీస్తారు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడ్డాక అడవి తేనె దాని ద్వారా పట్నాలకు చేరింది. తేనె పిండగా మిగిలిన పట్టును నీళ్ళలో ఉడికించి గుడ్డలో వడపోస్తే, చల్లారాక పైన మైనం పెచ్చు కడుతుంది. ఆ మైనం తెలుగుదేశంలో ఎన్ని పనులు చేసిందనుకున్నారు! కోరమండల్ తీరంలో కలంకారీ బట్టకు నీలిరంగు అంటకూడని చోట మైనం పూసి, ఆ తరవాతే నీలిమందులో ముంచేవారు. ఆదిలాబాదు ఓజాలు మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోస్తారు. ఆయుర్వేదంలో నువ్వులనూనెతో కలిపి కాళ్ళ పగుళ్ళకు రాస్తారు. మా అమ్మకు బొట్టు నిలిపింది.

కాని ఉత్త మైనం కరగాలంటే 62, 64 డిగ్రీల వేడి కావాలి. నీళ్ళే 60 డిగ్రీలుంటే కొద్ది సెకన్లలో చర్మం కాలుతుంది. అందుకే పార్లరు వ్యాక్స్‌లో నూనెలూ, రోజిన్ అనే దేవదారు జాతి చెట్ల జిగురూ కలిపి, తక్కువ వేడికే మెత్తబడేట్టు తయారుచేస్తారు. చాలా డబ్బాల్లో అసలు మైనమే ఉండదు. డబ్బా మీద తేనెటీగ బొమ్మ చూసి మోసపోకండి. ఈ రోజిన్ కొందరి ఒంటికి పడదు, దద్దురు వస్తుంది.

పడమటి దేశాల్లో ఈ పిచ్చి ముదిరింది చేతుల్లేని గౌన్లు వచ్చాక. 1915లో జిలెట్ కంపెనీ ఆడవాళ్ళకని విడిగా రేజరు తెచ్చింది. 1920లలో అమెరికాలో కొన్ని పార్లర్లు ఎక్స్‌రే యంత్రం పెట్టి నొప్పి లేకుండా వెంట్రుకలు రాల్చాయి. ఏళ్ళు గడిచాక ఆ ఆడవాళ్ళలో కొందరికి మొహాన క్యాన్సరు వచ్చింది. 1930లో కోరెమ్లూ అనే క్రీము వచ్చింది. అందులో ఉన్నది థాలియం, ఎలుకల మందులో వేసేది. రాసుకున్నవాళ్ళకు కాళ్ళు పడిపోయాయి, తలమీది జుట్టు కూడా రాలింది. 1932కి ఆ కంపెనీ దివాలా తీసింది గాని పోయిన కాళ్ళు రాలేదు. ఇట్లాంటివి చూశాకే 1938లో అమెరికా సౌందర్య సాధనాలను చట్టం కిందికి తెచ్చింది. మన దేశంలో 1940 నాటి మందుల చట్టంలోకి ఇవి 1962 సవరణతో చేరాయి. అంతకుముందు అమ్మినవాడిదే రాజ్యం.

అందుకని మా పిల్లకు చెప్పాను: "చాక్లెట్టా తేనెనా అన్నది తరవాత. డబ్బా మీద తయారుచేసినవాడి చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, ఎప్పటిలోపు వాడాలో, ఏమేం కలిపారో ఉందా చూడు. లేకపోతే ఊరికే ఇచ్చినా ముట్టుకోకు." ఆ పెళ్ళికూతురి చెయ్యి కాలింది డబ్బా మూలాన కాదు. గ్యాసు పొయ్యి మీద గిన్నెలో కాచి, సరిగా చల్లారకముందే పూశారు. వేడి తనంతట తాను ఆపుకునే హీటరు ముందు కొనమన్నాను, అద్దానికి పూల ఫ్రేము లేకపోయినా ఫర్వాలేదు. ముందు తన మణికట్టు లోపలివైపు పెట్టి చూసుకోవాలి. కొత్త మనిషి వస్తే ముంజేతి మీద చిటికెడంత మేర పూసి, ఒక రోజు ఆగి రమ్మనాలి. "అట్లా అంటే గిరాకీ పోదా అత్తా?" అంది. పోతే పోతుంది.

ఒకరికి పూసిన పుల్లను మళ్ళీ డబ్బాలో ముంచకూడదు. వెంట్రుక బియ్యపుగింజ పొడుగన్నా లేకపోతే లాగి లాభం లేదు. షుగరు జబ్బున్నవాళ్ళకు, రక్తం పలచబడే మందులు, మొటిమల మాత్రలు వాడేవాళ్ళకు, కాళ్ళ మీద నరాలు ఉబ్బినవాళ్ళకు డాక్టరు సరేనంటేనే చెయ్యాలి. మా వైపు సాగర్ కాలువ కింద మిరప వేస్తారు. కోతల రోజుల్లో వ్యాక్స్ చేయించుకుని మర్నాడు చేలోకి వెళితే చేతులు ఎంత మండుతాయో వేరే చెప్పాలా!

ఇంకొకటి. గడ్డం మీద ఉన్నట్టుండి ముదురు వెంట్రుకలు వచ్చి, నెలసరి కూడా తప్పుతున్న ఆడపిల్లను పార్లరుకు కాదు, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అది అందం సంగతి కాదు, ఒంట్లో హార్మోన్ల సంగతి. అట్లాంటి పిల్ల వస్తే డబ్బులు తీసుకోకుండా ఆ మాట చెప్పి పంపుతానని మా పిల్ల ఒప్పుకుంది.

చివరికి రెండు రకాల చిన్న డబ్బాలు, ఒక హీటరు కొనడానికి నిర్ణయమైంది. ఖమ్మంలో దొరకకపోతే బెజవాడ రైలెక్కుతుందట. అమ్మ బరిణె మాత్రం నన్నడిగి తీసుకుంది, షాపులో పిన్నులు వేసుకోవడానికి.