తెలిసిన మాటతోనే తికమక: బాహూరు నుంచి చూసిన తెలుగు మాండలికాలు

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగుకు చట్టబద్ధమైన చోటుంది. 1965 నాటి అధికార భాషల చట్టం తమిళంతో పాటు మాహేలో మలయాళాన్ని, యానాంలో తెలుగును గుర్తించింది. అందుకే పుదుచ్చేరి తెలుగు అనగానే ఎవరికైనా గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానామే గుర్తొస్తుంది. అక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, తమిళనాడులోని కడలూరు జిల్లా పొలాలతో కలిసిపోయిన పుదుచ్చేరి కొమ్యూన్ బాహూరు వైపు చూసేవారు అరుదు. కానీ బాహూరు చుట్టుపక్కల కడలూరు, విల్లుపురం జిల్లాల్లో తెలుగును ఇంటిభాషగా నిలుపుకున్న కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. విజయనగర పాలనలోనూ, ఆ తర్వాత సెంజి నాయకుల కాలంలోనూ దక్షిణానికి తరలివచ్చిన రైతుల, సైనికుల, వర్తకుల సంతతి వీరిలో ఎక్కువ. ఒకే కేంద్రపాలిత ప్రాంతం నీడలో, దాని అంచుల్లో ఇలా రెండు తెలుగులున్నాయి. ఒకటి బడిలో చదువుకున్నది, మరొకటి ఇంట్లో విని నేర్చుకున్నది.

ఈ రెండూ ఎదురుపడే సందర్భాలు తక్కువేమీ కాదు. యానాం ఉద్యోగికి పుదుచ్చేరి ప్రాంతానికి బదిలీ కావచ్చు. బాహూరు కొమ్యూన్‌లోని కిరుమాంబాక్కంలో వైద్య కళాశాల ఉంది. అలాంటి చోట తెలుగు జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థి ముందు, తెలుగు మాట్లాడే ముసలమ్మ కూర్చోవచ్చు. తమిళం రాని ఆ విద్యార్థికి ఆమె తెలుగు వినగానే ప్రాణం లేచొస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుందని నా వాదన. తెలియని మాట వింటే ఎవరైనా ఆగి, అంటే ఏమిటని అడుగుతారు. తెలిసిన మాటే మరో అర్థంతో వస్తే అడగాలన్న ఆలోచనే రాదు.

ఇంగ్లండులో ఈ సంగతి బాగా కనిపిస్తుంది. యార్క్‌షైర్ పల్లెలవాళ్లు 'వైల్' అన్న మాటను 'దాకా' అనే అర్థంలో వాడతారు. వారి నోట 'నైన్ వైల్ ఫైవ్' అంటే తొమ్మిది నుంచి ఐదు దాకా పని అని. ఉత్తర ఇంగ్లండు పాతతరంలో 'స్టార్వ్‌డ్' అంటే ఆకలితో మాడినవాడు కాదు, చలికి వణికిపోతున్నవాడు. ఇంగ్లీషు బాగా వచ్చనుకునే పరాయివాడికి 'గినెల్' అంటే సందు అని తెలియకపోవడం పెద్ద బాధ కాదు, అడిగి తెలుసుకుంటాడు. చలితో వచ్చినవాడికి అన్నం పెట్టించడమే అసలు పొరపాటు.

తెలుగులో ఇలాంటి తికమకకు మూలం మాటల్లో కన్నా క్రియల్లోనే ఎక్కువగా ఉంది. దీన్ని మన పరిశీలకులు తగినంత పట్టించుకోలేదు. దక్షిణ మాండలికంలో, అంటే రాయలసీమ, చిత్తూరు మొదలుకొని తమిళనాడు తెలుగు దాకా, జరిగిపోయిన పనిని 'వస్తిని', 'చేస్తిమి', 'తింటివా' అనే రూపాలతో చెప్పడం మామూలు. 'వచ్చితిని' కుదించుకుపోయి 'వస్తిని' అయింది, 'చేసితిమి' 'చేస్తిమి' అయింది. కోస్తా తెలుగు భూతకాలానికి 'వచ్చాను', 'చేశాము' అనే రూపాలు వాడుతుంది. అదే కోస్తాలో 'వస్తాను', 'చేస్తాము' జరగబోయే పనికి గుర్తు. వస్తిని, వస్తాను అన్న రెండింటి మధ్యా తేడా దాదాపు ఒక్క అచ్చుదే. వేగంగా మాట్లాడేటప్పుడు చివరి 'ని' కూడా జారిపోతుంది. 'మాత్ర ఏసుకుంటి' అని రోగి అంటే మాత్ర మింగేశానని అర్థం. యానాం చెవికి అది 'ఏసుకుంటా' అన్నట్టు వినిపిస్తే, ఇంకా వేసుకోలేదు కాబోలని రెండో మాత్ర చేతికిస్తారు. 'డబ్బు కడ్తిమి' అని రైతు అంటే పన్ను చెల్లించేశాడన్నమాట. గుమాస్తా 'కడతాం' అని విని బాకీగా రాసుకోవచ్చు. ఇద్దరూ తెలుగే మాట్లాడారు కనుక ఎవరికీ అనుమానం కలగదు.

నిన్న, పొద్దున, రేపు అన్న మాట తోడుంటే ఈ అపార్థం చాలావరకు తొలగిపోతుంది. 'వస్తిని' రూపం కోస్తావాళ్లకు పద్యాల్లో, పాత నాటకాల్లో పరిచయమైనదే. అయితే ఆసుపత్రి వరుసలో నిలబడి పద్యభాష వింటామని ఎవరూ ఎదురుచూడరు. పుస్తకంలో గౌరవించిన రూపమే ముసలమ్మ నోట వస్తే మోటుగా తోస్తుంది. ఇది న్యాయం కాదు. పుదుచ్చేరి ప్రాంతపు తెలుగు ఇళ్లలో పిల్లల చదువు తమిళంలో, ఇంగ్లీషులో సాగింది. తెలుగు పత్రిక, తెలుగు వాచకం ఆ ఇళ్లకు దాదాపు చేరలేదు. యానాం బడులు మాత్రం చాలాకాలం ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాలనే అనుసరించాయి. అచ్చుభాష ఒత్తిడి పడకపోవడం వల్లే దక్షిణాదిలో పాత క్రియారూపాలు ఇంత బలంగా మిగిలాయని నేననుకుంటాను.

బంధువుల పేర్లు మరో చిక్కు. తెలంగాణలో చాలాచోట్ల 'అవ్వ' అంటే తల్లి. రాయలసీమలో, దక్షిణాన అవ్వ అంటే అమ్మమ్మో నాయనమ్మో. 'మా అవ్వకు చక్కెర జబ్బు' అన్న ఒక్క వాక్యంతో వైద్యుడు రాసుకునే వంశచరిత్రలో ఒక తరం మారిపోతుంది. సీమలో 'వాకిలి వెయ్యి' అంటే తలుపు మూయమని. కోస్తాలో వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టే చోటు. చిత్తూరు వైపు ఎర్రగడ్డ, కోస్తాలో ఉల్లిపాయ, తెలంగాణలో ఉల్లిగడ్డ అన్నీ ఒక్కటే. వంటింటి మాటలు కనుక వీటి వల్ల పెద్ద నష్టం లేదు. 'కూడు' సంగతి వేరు. కోస్తాలో అది ఈసడింపుగా వినిపిస్తుంది, దక్షిణాన మామూలు అన్నమే. 'కూడు తింటివా' అని ఆదరంగా అడిగిన ఇంటావిడ ముందు అతిథి ముఖం మాడ్చుకుంటే, ఆమెకు కారణం కూడా తెలియదు.

ఇలాంటప్పుడు తప్పు ఎవరి మీద పడుతుంది? ఎప్పుడూ మాట్లాడినవారి మీదే. 'సరిగా చెప్పలేదు', 'అది తెలుగేనా' అంటారు. తన చెవికి అలవాటు లేదని వినేవాడు ఒప్పుకోడు. గిడుగు రామమూర్తి (1863–1940) శిష్టవ్యావహారికం కోసం చేసిన పోరాటం తెలుగును గ్రాంథికం చెర నుంచి విడిపించింది. అయితే ఆ గెలుపు తర్వాత పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో స్థిరపడింది ప్రధానంగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువరుల భాష. మిగతా యాసలు చాలాకాలం తెరమీద విలన్‌కో హాస్యగాడికో మిగిలాయి. బ్రిటన్‌లోనూ ఇదే జరిగింది. 1941లో హాలిఫాక్స్‌కు చెందిన విల్‌ఫ్రెడ్ పికిల్స్ తన యార్క్‌షైర్ ఉచ్చారణతోనే బీబీసీ వార్తలు చదివితే, తమ యాసే వినిపించినా వార్తలకు ఆ గొంతు తగదన్న ఉత్తరాదివాళ్లూ ఉన్నారు. తక్కువచూపు అంత లోతుగా దిగుతుంది, తన మాటను తానే తక్కువ అనుకునేలా చేస్తుంది.

మాండలికాల నమోదు విషయంలోనూ బాహూరు వంటి ఊళ్లకు అన్యాయం జరిగింది. లీడ్స్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ ఆర్టన్ నడిపిన ఇంగ్లీషు మాండలికాల సర్వే 1950 నుంచి 1961 దాకా 313 చోట్ల, 1,300కు పైగా ప్రశ్నలతో సాగింది. ఇంచుమించు ఆ కాలంలోనే భద్రిరాజు కృష్ణమూర్తి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున మాండలిక వృత్తిపదకోశం తెచ్చారు. వ్యవసాయ పదాల సంపుటి 1962లో, చేనేత పదాలది 1971లో వచ్చాయి. నాగలి భాగాలకు, వరిపైరు దశలకు ఏ జిల్లాలో ఏ మాటో రైతులను అడిగి తెలుసుకున్న గొప్ప పని అది. తెలుగును నాలుగు మండలాలుగా చూడడం మనకు ఆ కృషి వల్లే అలవాటైంది. కానీ ఆ సర్వే రాష్ట్ర ఎల్లల దగ్గర ఆగింది. పుదుచ్చేరిలో వరికి పేరుపడిన నేల బాహూరు. అక్కడి చెరువు ఆయకట్టు మీద బతికిన తెలుగు రైతు నోటి మాట ఆ పటంలోకి ఎక్కలేదు.

ఈ ఊరికి భాషల పొత్తు కొత్తకాదు. 9వ శతాబ్దపు పల్లవరాజు నృపతుంగవర్మ బాహూరు తామ్రశాసనం ఇక్కడి విద్యాస్థానానికి మూడు ఊళ్లు దానమిచ్చిన సంగతి చెబుతుంది. అందులో రాజవంశ ప్రశస్తి సంస్కృతంలో ఉంటే, నాట్టారులకు, అంటే ఆ ప్రాంతపు పెద్దలకు, ఇచ్చిన ఆజ్ఞ తమిళంలో ఉంది. పొలంలో నిలబడి పని జరిపించవలసిన వారికి వారి భాషలోనే చెప్పాలని ఆనాటి శాసనకర్తకు తెలుసు.

మాండలిక నమోదుకు దారి చూపిన మనిషి కూడా పుదుచ్చేరిలోనే ఉండేవాడు. కి. రాజనారాయణన్‌ది కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్, ఇంట్లో తెలుగు. బడి చదువు పూర్తిచెయ్యని ఆయన నల్లరేగడి నేల తమిళ మాటలను ఏరి 1982లో మాండలిక నిఘంటువుగా కూర్చాడు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ను జానపద సాహిత్య ఆచార్యుడిగా పెట్టుకుంది. 2021లో కన్నుమూసేదాకా ఆయన ఆ నగరంలోనే ఉన్నాడు. తెలుగు ఇంటి మనిషి తమిళ యాసకు చేసిన ఈ మేలును, తమిళ నేలమీది తెలుగు యాసకు మనవాళ్లు ఎందుకు చెయ్యరు? పులికాట్ ఒడ్డు పలుకుబడిలో స.వెం. రమేశ్ రాసిన ప్రళయకావేరి కథలు ఆ వైపు ఒక అడుగు. అయితే కథకుడు చేసే పని వేరు, సర్వే చేసేది వేరు.

బాహూరు వైపు సర్వే మొదలుపెడితే ప్రశ్నావళిలో నాగలి కన్నా ముందు క్రియలుండాలి. ఒకే పనిని నిన్నకు, ఇప్పటికి, రేపటికి మార్చి చెప్పించాలి. బంధువులను పేరుతో కాక వరుసతో, అంటే 'అమ్మకు అమ్మ', 'నాన్నకు అమ్మ' అని అడిగి రాసుకోవాలి. తెలుగు లిపి రాని ఆడవాళ్ల దగ్గరే ముందు కూర్చోవాలి, ఎందుకంటే అచ్చుభాష తాకిడి అతి తక్కువగా ఉన్నది వారి మాట మీదే. పోగైన జాబితా ముందుగా ఆ చుట్టుపక్కల ఆసుపత్రులకు చేరాలి. రోగి 'ఏసుకుంటి' అన్నప్పుడల్లా 'ఎప్పుడు?' అని ఒక్క ప్రశ్న అడగాలన్న సూచన అందులో మొదటి వరుసలో ఉండాలి.