ఆముక్తమాల్యదలోని చేనికూరలు

శ్రీకృష్ణదేవరాయలు (పాలనము 1509–1529) ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున వర్షర్తువును వర్ణించుచు, జడివానవేళ రెడ్ల భోజనమును గూర్చి ఒక పద్యము చెప్పినాడు. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస, చింతచిగురు కలిపి నూనెతో వండుకొని, ఆవిరులెగయు ఆరికెల యన్నముతో వారు భుజించిరని దాని సారము. పాఠము చెప్పునపుడు మనము ఈ పేళ్లను ‘శాకవిశేషములు’ అని దాటిపోవుచుందుము. ఆ మాట చాలదని మా యభిప్రాయము.

చింతచిగురు చెట్టునుండి దూయునది. తక్కిన నాలుగును ఎవరును విత్తకయే తొలకరికి మొలచునవి. గురుగు నేటి గునుగు. చెంచలి తోటకూర కుటుంబములోనిది. దానిని తెలంగాణమున జొన్నచెంచలి యందురు. దున్నిన చేలలో, జొన్నసాళ్ల నడుమ మొలచుటచే ఆ పేరు కలిగినది కాబోలు. తగిరిస ముదిరినచో కూరకు పనికిరాదు. కవి ‘లేత’ యను విశేషణమును దానికొక్కదానికే చేర్చినాడు. అది పాదపూరణము కాదు, వంటయెరిగినవాని మాట.

ఇవి పేదల తిండియనియు, కరవుకాలపు ఆధారమనియు కొందరందురు. పద్యములో తినువారు రెడ్లు. పసులు, పొలము గలవారు. కాలము కరవు కాదు, నిండు వానకాలము. కావున తమ చేనిలో మొలచినదానిని కోసికొనుట లేమికి గురుతు కాదు. చేను గలవాని హక్కు.

ఆ కోతకొక పద్ధతి కలదు. కలుపును వేరుతో పెరుకుదురు; కూరను కొనలు గిల్లుదురు. గిల్లిన గునుగు మరల చిగిర్చి, పూచి, బతుకమ్మకెక్కును. ఒకే మొక్క ఒక నెలలో కూర, ఒక నెలలో కలుపు, మరియొక నెలలో పూజాద్రవ్యము.

రాయల సీమకు శంషాబాదు దూరమే. అయినను రెండును వానకెదురుచూచు మెట్టసేద్యపు నేలలు. 2008 మార్చిలో అచ్చట విమానాశ్రయము తెరవబడినది. దాని విస్తీర్ణము సుమారు 5,500 ఎకరములు. అందు చుట్టుప్రక్కల యూళ్ల పొలములు కలిసినవి. ఆ ప్రాంతమున మిగిలిన చేలును పెక్కులు ప్లాట్లయినవి. ఖాళీ స్థలములలో గునుగు, తగిరిస ఇప్పటికిని మొలవగలవు. చెంచలికి దున్నిన నేల కావలెను. గిల్లుటకు తన నేలయనదగినది కావలెను. పంటతోడి మొక్క పోయినచో దాని పేరును పోవును; అపుడు రాయల పద్యము నిఘంటువులో మాత్రమే బ్రదుకును.

జహీరాబాదు ప్రాంతమున 1983లో నెలకొనిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళారైతులు ఇట్టి కూరలను పంటతో సమానముగా ఎంచుదురు. శంషాబాదు పరిసరములలోను వీని పేళ్లు తెలిసిన వృద్ధస్త్రీలనుండి, మొక్కను చేతబట్టుకొని, పేళ్లు సేకరింపదగును. మన పరిశోధక విద్యార్థులు క్షేత్రపర్యటనకు తరచుగా వేసవి సెలవులను ఎన్నుకొందురు. ఆ దినములలో చేనిలో ఎండిన మోళ్లు తప్ప మరేమియు కనబడవు. ఆషాఢ శ్రావణములలో పోవలెను.