కావలికి రాకముందు ఆ తుఫాను చేసిన పని

1989 నవంబరు తుఫాను అనగానే నెల్లూరు జిల్లా వాళ్ళకి కావలి గుర్తొస్తుంది. దాని పేరు 'గే'. మన తీరానికి రాకముందే, నవంబరు 3న, గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో యూనోకాల్ కంపెనీకి గ్యాస్ బావులు తవ్వుతున్న 'సీక్రెస్ట్' అనే ఓడని అది తిరగేసింది. ఓడలో 97 మంది. బతికింది ఆరుగురే.

సాయం కోసం కబురు పంపేంత వ్యవధి కూడా దొరకలేదు. తర్వాత వెతకడానికెళ్ళిన హెలికాప్టర్‌కి ఓడ బోర్లా తేలుతూ కనిపించింది.

డ్రిల్లింగ్ ఓడతో చిక్కేంటంటే, నడిమధ్యన ఎత్తైన డెరిక్ ఉంటుంది. అందులో పైపులు నిలబెట్టి ఉంచితే బరువు పైకి పోతుంది, ఒరిగిన ఓడ మళ్ళీ నిటారుగా లేవడం కష్టం. పైపులు దించాలన్నా, లంగర్లెత్తి పక్కకి పోవాలన్నా బోలెడు టైం కావాలి. గే ఏమో ఆ గల్ఫ్‌లోనే పుట్టి, చూస్తుండగానే ముదిరిపోయింది.

2005లో కత్రినా, రీటా హరికేన్లు అమెరికా గల్ఫ్‌లో వందకి పైగా ప్లాట్‌ఫాంలని నాశనం చేశాయి. కానీ మనుషుల్ని ముందే ఒడ్డుకి చేర్చేశారు. ఇనుము పోయింది, అంతే.

మరి 2021 మే నెల సంగతి? తౌక్టే వస్తోందని రోజుల ముందే తెలుసు. అయినా బాంబే హై దగ్గర పి-305 బార్జి 261 మందితో అక్కడే ఉండిపోయింది. లంగర్లు తెగి, ప్లాట్‌ఫాంకి గుద్దుకుని మునిగింది. పని ఆపితే నష్టం ఎవరి ఖాతాలో పడాలన్న లెక్క తేలకే ఆగారని నా అనుమానం. అందులో చాలామంది నావికులు కూడా కారు, కాంట్రాక్టు మీద వెళ్ళిన వెల్డర్లు, ఫిట్టర్లు.