పెండ్లిపద్దులో మఱచిన పుట



మా దంతాలపల్లిలో పెండ్లి కుదిరినదనగానే పెద్దలు అరుగుమీద కూర్చుండి పద్దు వ్రాయుదురు. పందిరిగుంజలు, ఐరేనికుండలు, తమలపాకులు, డప్పులవారి కియ్యవలసినది, ఏదియు మఱవరు. 1995లో నా చెల్లెలి పెండ్లికి ఆ పద్దు నేనే వ్రాసితిని. కొబ్బరికాయల లెక్కయు తప్పలేదు. కాని ఆమెవెంట పంపిన నగలేవి, ఎవరెవరు పెట్టినవి యను పుట వ్రాయలేదు. పదియేండ్లకు ఆమె భర్తను గోల్పోయి పుట్టింటికి వచ్చినప్పుడు, మా యమ్మ పెట్టిన గుండ్లపేరు నడిగితిమి. “అది మా యింటి సొత్తు” అనిరి. చూపుటకు మాయొద్ద కాగితము లేదు. నాటినుండి ఈ విషయపు చరిత్రను వెదకుచున్నాను.

స్త్రీధనము క్రొత్తమాట కాదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము దానిని ఆఱువిధములుగ చెప్పుచున్నది: అగ్నిసన్నిధి నిచ్చినది, అత్తవారింటికి పోవునప్పుడిచ్చినది, ప్రీతితో నిచ్చినది, తల్లి యిచ్చినది, తండ్రి యిచ్చినది, సోదరు డిచ్చినది. మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుడు దాని పరిధిని ఇంకను పెంచెను. హక్కు ప్రాచీనమే. దానికి సాక్ష్యము మాత్రము మా యూళ్లలో పెద్దల జ్ఞాపకమే. పెద్దలు పోయిన జ్ఞాపకమును పోవును.

మన తెలంగాణమున మఱియొక కథ కలదు. నిజాము పాలన 1948లో ముగియువఱకు దొరల గడీలలో శుభకార్యమైనచో సామగ్రియు చాకిరియు ఊరివారి వెట్టివలన జరిగెడివి. దొరబిడ్డ వెంట పేదయింటి ఆడుపిల్లలను ఆడబాపలుగ అరణమంపెడివారు. కానుకలలో మనుష్యులను గూడ లెక్కించిన కాలమది. ఏది ప్రీతి, ఏది బలవంతము అని అడిగినవారు లేరు.

స్వతంత్రభారతమున 1961లో వరకట్న నిషేధచట్టము వచ్చినది. దానిక్రింద 1985 అక్టోబరు 2వ తేదీనుండి కొన్ని నియమములు అమలైనవి. వధువునకు వచ్చిన కానుకల పట్టిక వధువును, వరునకు వచ్చిన వాని పట్టిక వరుడును ఉంచుకొనవలెను. వస్తువు, సుమారు వెల, ఇచ్చినవారి పేరు, చుట్టఱికము అందు వ్రాయవలెను. ఇద్దఱును సంతకము చేయవలెను; చదువురానివారు వేలిముద్ర వేయవచ్చును. అడిగి పుచ్చుకొన్న కట్నము పట్టిక కెక్కినంతనే కానుక కానేరదు. ఆ 1985లోనే సుప్రీముకోర్టు, స్త్రీధనము భార్యకే చెందును, అత్తవారు దాచియుంచినను అది వారి సొత్తు కాదని ప్రతిభారాణి వ్యాజ్యములో తీర్పు చెప్పెను. నా చెల్లెలి పెండ్లినాటికే ఇవి యన్నియు పుట్టి పదియేండ్లయినవి. పద్దు వ్రాసిన నాకు తెలియదు.

ఇట్లే మఱచెడిది వివాహపు రిజిస్ట్రీ. 2002లో ఆంధ్రప్రదేశమున చట్టము దానిని నిర్బంధము చేసినది. మన కిప్పుడును అది విధియే.

“శుభముహూర్తమున కాగితమేల? అపనమ్మకము గదా!” యని కొందఱందురు. అన్నదమ్ములు పొలము పంచుకొనునప్పుడు కాగితము వ్రాసికొనుట లేదా? వ్రాత ప్రేమను తఱుగనీయదు, తగవును తఱుగజేయును.

నిరుడు నా మేనకోడలి పెండ్లికి మొదటిపుట ఆ పట్టికయే వ్రాసితిని. నా చెల్లెలు దానిని నాచేత రెండుమార్లు చదివించుకొని, మడిచి, కూతురి పెట్టెలో పెట్టినది.