మగ్గపు అట్ట నుండి చిప్పు రచన వరకు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములలో మగ్గము చప్పుడు ఎరుగనివారు అరుదు. పులివెందులలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల 2006 లో వెలసినది. అందు ఎలక్ట్రానిక్సు విద్యార్థులు చిప్పుల నిర్మాణ శాస్త్రమును అభ్యసించుచున్నారు. ఈ రెండు విద్యలకును పొత్తేమని కొందరు అడుగవచ్చును. చరిత్రను తిరుగవేసి చూచినచో వాటి చుట్టరికము తేటపడును.

పూర్వము పూలబట్ట నేయుటకు ఒక బాలుడు మగ్గము ప్రక్క నిలిచి, తగిన పడుగు పోగులను త్రాళ్ళతో పైకి లాగవలసి యుండెను. 1804 లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున జోసెఫ్ మేరీ జకార్డు, తన పూర్వుల యత్నములను సమకూర్చి, ఆ పనిని రంధ్రముల అట్టలకు అప్పగించెను. రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. అట్టల దండను మార్చినచో అదే మగ్గము వేరొక బుటాను నేయును. మన ధర్మవరపు పట్టుచీరెల అంచులకు ఈ పద్ధతియే వన్నె తెచ్చినది. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తన గణనయంత్రమునకు ఈ అట్టలనే వాడ దలచెను. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ యంత్రములు రంధ్రముల అట్టలతోనే తేల్చినవి.

ఒకనాటి మన యింటి ట్రాన్సిస్టరు రేడియోలో ఏడెనిమిది ట్రాన్సిస్టరులుండెడివి. 1971 లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 అను చిప్పులో సుమారు 2,300 కలవు. దాని పటమును మనుష్యులు చేతితో గీసి, ఎఱ్ఱని పొరలపై కత్తితో కోసిరి. ట్రాన్సిస్టరుల సంఖ్య లక్షలకు పెరిగిన పిదప చేతిగీత చాలదయ్యెను. అప్పుడు ఇంజనీర్లు గీయుట మాని వ్రాయుటకు పూనుకొనిరి. 1980 తరువాతి దశాబ్దమున వెరిలాగ్, వి.హెచ్.డి.ఎల్. అను భాషలు పుట్టినవి. చిప్పు ఏమి చేయవలెనో వాటిలో వ్రాసి యిచ్చినచో, గణనయంత్రమే తగిన తర్క ద్వారములను ఎన్నుకొని, వాటిని చిప్పుపై అమర్చి, తీగలు కలుపును.

1985 లో జైలింక్సు సంస్థ మరియొక మెట్టెక్కెను. 64 తర్క ఖండములు గల ఆ సంస్థ చిప్పును, తయారైన పిమ్మట కూడ, కొనినవారు తమకు వలసిన పనికి మలచుకొనవచ్చును. మగ్గము మారదు, అట్టలు మారును. ఆ సంస్థను 2022 లో ఎ.ఎం.డి. తనలో కలుపుకొనినది, హైదరాబాదులో దానికి పెద్ద కేంద్రము కలదు.

ఐతే యంత్రమునకు అప్పగించిన పని యెల్ల నిర్దోషమని తలపరాదు. 1994 లో ఇంటెల్ వారి పెంటియం చిప్పు కొన్ని భాగహారములను తప్పు చేయుచున్నట్లు వెల్లడియయ్యెను. భాగహారమునకు వాడు పట్టికలో ఉండవలసిన 1,066 అంకెలలో 5 లోపించినవి. గణితోపాధ్యాయుడొకరు తన లెక్కలు కుదురక ఆ లోపమును పట్టుకొనిరి. ఇంటెల్ దానికై 47.5 కోట్ల డాలర్లు నష్టముగా వ్రాసికొనవలసి వచ్చెను. అట్టలో ఒక రంధ్రము తప్పినచో మగ్గమునకు తెలియదు. ఆ తప్పును చీరె పొడవునను నమ్మకముగా నేయును.

త్రాళ్ళు లాగు బాలునకు పని పోయెను. పటములు గీయువారికిని ఆ గతియే పట్టెను. కాని ఏమి నేయవలెనో నిర్ణయించువాని పనియు, నేసినదానిని పరీక్షించువాని పనియు తగ్గలేదు, పైపెచ్చు పెరిగినవి. చిప్పుల సంస్థలలో నేడు పరీక్షకే అత్యధిక శ్రమ వినియోగమగుచున్నది. ఇప్పుడు ఆ భాషలలో వ్రాయుటను సైతము కృత్రిమ మేధ నేర్చుకొనుచుండగా, ఈ మాట మన పిల్లలకు మరింత అక్కరకు వచ్చును. పరికరములు చౌకయగును, వివేచన చౌక కాదు. బట్టను వెలుతురునకు ఎదురుగా పట్టి, తప్పిన పోగును కనిపెట్టు నేర్పు మన జిల్లా నేతగాండ్ర యిండ్లలో ఏనాటినుండియో కలదు. చిప్పులు రచించు విద్యార్థికిని కావలసినది ఆ నేర్పేయని మేము తలచుచున్నాము.