292 సంవత్సరాల వాయిదా

సభలు వాయిదా పడడం మనకు కొత్త కాదు. పది గంటలకు సమావేశమై, గొడవ లేచి, పదిన్నరకు మరునాటికి వాయిదా పడిన సభల గురించి పత్రికలలో చదువుతూనే ఉంటాము. అయితే ఒక సభ 1707 మార్చి 25న వాయిదా పడి, 1999 మే 12న తిరిగి కూర్చుంది. అది స్కాట్లాండు పార్లమెంటు. ఆ రోజున సభ్యులందరిలోకి పెద్దవారైన శ్రీమతి వినీ యూయింగ్ అధ్యక్ష స్థానంలో కూర్చుని, 1707లో వాయిదా పడిన పార్లమెంటు తిరిగి సమావేశమైనదని ప్రకటించారు. చట్టప్రకారం చూస్తే అది పాత సభ కాదు, కొత్తగా పుట్టిన సభ. అయినా ఆమె మాటను ఎవరూ తప్పు పట్టలేదు.

ఆ పాత సభ ఎందుకు పోయిందో రెండు ముక్కలలో చెప్పుకుందాము. 17వ శతాబ్దం చివర స్కాట్లాండువారు మధ్య అమెరికాలోని డేరియన్ అనే చోట వలస స్థాపించబోయి, దేశంలోని పెట్టుబడిలో పెద్ద భాగాన్ని పోగొట్టుకున్నారు. ఇంగ్లండుతో కలిసిపోయే ఒడంబడికలో 3,98,085 పౌండ్లు స్కాట్లాండుకు ముట్టజెప్పే ఏర్పాటు జరిగింది. అందులో ఎక్కువ భాగం ఆ కంపెనీలో డబ్బు పెట్టినవారి నష్టపరిహారానికే. డబ్బుకు సభను అమ్ముకున్నారని సామాన్య జనం నాడే తిట్టుకున్నారు. 1707 మే 1 నుండి రెండు రాజ్యాలు ఒకటయ్యాయి. లండను కామన్స్ సభలో స్కాట్లాండుకు 45 స్థానాలు మాత్రం దక్కాయి.

కానీ కోర్టులు, న్యాయశాస్త్రం, చర్చి వారివి వారికే మిగిలాయి. అంటే చట్టం వేరు, ఆ చట్టాన్ని చేసే సభ మాత్రం పరాయి ఊళ్ళో. ఈ విచిత్ర పరిస్థితి దాదాపు మూడు వందల ఏళ్ళు నడిచింది.

ఆఫీసు మనుషులం గనుక మనకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. అక్కడ సభకంటె ముందు సచివాలయం వచ్చింది. 1885లోనే స్కాట్లాండు వ్యవహారాలకు లండనులో ప్రత్యేక శాఖ పెట్టారు. 1939లో ఆ శాఖ సిబ్బంది ఎడింబరోలోని సెయింట్ ఆండ్రూస్ హౌస్ అనే భవనంలోకి చేరారు. విద్య, వైద్యం, వ్యవసాయం ఫైళ్ళన్నీ అక్కడే నడిచాయి. సెక్షన్లు ఉన్నాయి, గుమాస్తాలు ఉన్నారు, నోట్ ఫైళ్ళు ఉన్నాయి, పైన ఒక మంత్రి ఉన్నాడు. ఆ మంత్రిని అడిగే సభ మాత్రం ఆ గడ్డమీద లేదు. శాసనసభ ప్రశ్నకు జవాబు తయారు చేయడానికి రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్న మనకు, అటువంటి ప్రశ్నలే లేని సచివాలయం స్వర్గంగా తోచవచ్చు. అక్కడి ప్రజలకు తోచలేదు.

1979 మార్చి 1న మొదటి జనవాక్య సేకరణ జరిగింది. సభ కావాలన్నవారు 12 లక్షల 30 వేల పైచిలుకు, వద్దన్నవారు 11 లక్షల 53 వేల పైచిలుకు. 51.6 శాతంతో కావాలన్నవారే గెలిచారు. కానీ సభ రాలేదు! కారణం, జార్జి కన్నింగ్‌హామ్ అనే సభ్యుడు చట్టంలో పెట్టించిన సవరణ. ఆయన పుట్టుకతో స్కాట్లాండువాడే, లండను నియోజకవర్గానికి ప్రతినిధి. పోలైన ఓట్లలో మెజారిటీ చాలదు, ఓటర్ల జాబితాలో ఉన్న మొత్తం పేర్లలో 40 శాతం కావాలన్నది ఆ సవరణ. వచ్చినది 32.9 శాతం. మనలో ఓటర్ల జాబితా సవరణ డ్యూటీ చేసినవారికి దీని మర్మం చెప్పనక్కరలేదు. చనిపోయినవారు, ఊరు మారినవారు, రెండుచోట్ల పేర్లున్నవారు జాబితాలో ఎందరుంటారో మనకు తెలుసు. ఆ పేర్లన్నీ వద్దన్నవారి ఖాతాలోకే పోయినట్లయింది. ఓటు వేసినవారికంటె వేయలేనివారి మాట నెగ్గిందన్న మాట. నా మటుకు నాకు ఇది న్యాయంగా కనిపించదు.

అదే నెల 28న లండను ప్రభుత్వం 311-310 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మార్గరెట్ థాచర్ వచ్చారు. 1987లో ఆమె పార్టీకి స్కాట్లాండులోని 72 స్థానాలలో పదే దక్కాయి. అయినా తలపన్ను 1989లో ముందు స్కాట్లాండులోనే అమలు చేశారు, ఇంగ్లండులో ఆ మరుసటి సంవత్సరం. సభ కావాలన్న కోరికకు అంతకు మించిన ప్రచారం ఎవరూ చేసి ఉండలేరు. 1997 ఎన్నికలలో ఆ పార్టీకి అక్కడ ఒక్క స్థానమూ రాలేదు. సెప్టెంబరు 11న జరిగిన రెండవ జనవాక్య సేకరణలో సభ కావాలన్నవారు 74.3 శాతం. ఈసారి 40 శాతం నిబంధన పెట్టినా దాటేదే.

1998 చట్టం స్కాట్లాండుకు ఒక పార్లమెంటు ఉండాలనే చిన్న వాక్యంతో మొదలవుతుంది. దానిని చదివి, ఈ వాక్యం నాకు నచ్చిందని మురిసిపోయిన డొనాల్డ్ డ్యువార్ మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. 2000 అక్టోబరులో పదవిలో ఉండగానే కన్నుమూశారు. కొత్త భవనం గీసిన స్పెయిన్ వాస్తుశిల్పి ఎన్రిక్ మిరాల్యెస్ అదే సంవత్సరం జూలైలో పోయారు. భవనాన్ని ఇద్దరూ చూడలేదు. మొదట 10 నుండి 40 మిలియన్ పౌండ్లు అన్న అంచనా చివరికి 414 మిలియన్లకు చేరింది. రివైజ్డ్ ఎస్టిమేట్లు మన సొంతం అనుకునేవారు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి.

అధికారాల పంపకంలో ఒక విశేషం ఉంది. మన రాజ్యాంగంలో ఏ జాబితాలోనూ లేని విషయం కేంద్రానికి చెందుతుంది. అక్కడ తలకిందులు. రక్షణ, విదేశాంగం, ద్రవ్యం వంటి లండను అట్టేపెట్టుకున్న విషయాల జాబితా ఒక్కటే ఉంటుంది. మిగిలినవన్నీ ఎడింబరోవే. డబ్బు మాత్రం ఎక్కువ భాగం లండను నుండే రావాలి. దానికి 1978లో బార్నెట్ అనే మంత్రి హయాంలో తాత్కాలికంగా ఒక లెక్క వేశారు. ఆ తాత్కాలికం నేటికీ నడుస్తోంది.

పెన్షనర్లు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. వృద్ధాప్య పెన్షను లండను చేతిలోనే ఉంది. కానీ 65 దాటినవారికి ఉచిత వ్యక్తిగత సేవలు 2002 నుండి, 60 నిండినవారికి ఉచిత బస్సు ప్రయాణం 2006 నుండి ఎడింబరో సభ ఇచ్చినవే.

ఇచ్చిన అధికారం తిరిగి తీసుకోవచ్చునా? ఇదే అసలు చిక్కు. స్కాట్లాండుకు సంబంధించి దేనిమీదనైనా చట్టం చేసే హక్కు లండనుకు పోలేదని 1998 చట్టంలోనే వ్రాసి ఉంది. సాధారణంగా ఎడింబరో సమ్మతి లేకుండా చేయరాదన్నది సంప్రదాయం. 2016లో దానిని చట్టంలోకి ఎక్కించారు. ప్రజాభిప్రాయం తీసుకోనిదే ఈ పార్లమెంటును రద్దు చేయరాదని కూడా అప్పుడే చేర్చారు. అయితే మరుసటి జనవరిలో సుప్రీంకోర్టు, సమ్మతి సంగతి రాజకీయ మర్యాద మాత్రమే, కోర్టులు అమలు పరచలేవని చెప్పింది. మూడవ అధికరణం క్రింద రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగడం తప్పనిసరి, పాటించడం తప్పనిసరి కాదని 2014లో మనమూ చూశాము. దానిపై మన సంఘంలో రెండు అభిప్రాయాలవారూ ఉన్నారు గనుక ఇంతటితో ఊరుకుంటాను.

అదే 2014 సెప్టెంబరు 18న, తెలంగాణ ఏర్పడిన మూడున్నర నెలలకు, స్కాట్లాండు ప్రజలు పూర్తి స్వాతంత్ర్యం కావాలా అనే ప్రశ్నపై ఓటు వేశారు. 16 ఏళ్ళు నిండినవారికీ ఓటిచ్చారు. 84.6 శాతం పోలింగు జరిగింది. 55.3 శాతం వద్దన్నారు. మరొకసారి అడగడానికి సొంతంగా చట్టం చేసే అధికారం ఎడింబరోకు లేదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

చట్టంలో 35వ సెక్షన్ అని ఒకటుంది. ఎడింబరో సభ ఆమోదించిన బిల్లు రాజముద్రకు వెళ్ళకుండా లండను మంత్రి ఆపవచ్చును. ఇరవై ఏళ్ళకు పైగా దానిని ఎవరూ ముట్టుకోలేదు. స్త్రీ పురుష గుర్తింపు మార్పిడిని సులభం చేసే బిల్లుపై 2023 జనవరిలో మొదటిసారి ప్రయోగించారు. స్కాట్లాండు ప్రభుత్వం కోర్టుకెక్కింది. డిసెంబరులో స్కాట్లాండు కోర్టే లండను పక్షాన తీర్పు చెప్పింది. అప్పీలు వేయలేదు. బిల్లు అక్కడే ఆగింది.