నవాబు ఫిరంగి, మా సీసం

“మీరు నవాబుల వారసులు కదా” అంటుంటారు మమ్మల్ని. కడప నవాబుల పాలన 1779లోనే హైదర్ అలీ చేతిలో ముగిసింది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ గుట్టుగా ఫిరంగులు పోత పోయిస్తున్నాడని 1839లో కంపెనీ సైన్యం వచ్చిపడింది. కోటలో ఆయుధాల నిల్వలు దొరికాయి. జోహరాపురం దగ్గర పోరు జరిగింది. రాజ్యం పోయింది. తిరుచినాపల్లిలో బందీగా ఉన్న నవాబును 1840లో పొడిచి చంపారు. చరిత్ర ఇంతవరకూ చెబుతుంది. ఆ కొలుముల దగ్గర లోహం కరిగించినవాడి పేరు చెప్పదు.

మేము అతని వారసులం. తోపుడు బండి మీద పాత ఇనుము, రాగి తీగ, చచ్చిన బ్యాటరీలు కొనే కబాడీవాళ్లలో మావాళ్లెందరో. బ్యాటరీ పగలగొట్టి, యాసిడ్ మట్టిలో పారబోసి, సీసం కరిగిస్తే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి. 327 డిగ్రీలకే కరుగుతుంది, బొగ్గుల భట్టీ చాలు. ఆ పొగ పిల్లల నెత్తురులో చేరి మెదడును దెబ్బ తీస్తుంది. అమ్మీలేమో నజర్ తగిలిందని మిరపకాయలు దిగదీస్తారు.

పాత బ్యాటరీలు రిజిస్టరైన కర్మాగారాలకే చేరాలని 2001లో నిబంధనలొచ్చాయి. వాటి స్థానంలో 2022లో కొత్తవి వచ్చాయి. సరైన కర్మాగారంలో యాసిడ్‌ను సున్నంతో విరుస్తారు, పొగను వడగడతారు. మంచిదే. మరి భట్టీ ఆర్పేసిన మావాడు ఎక్కడికి పోవాలి? ఆ కర్మాగారం హాజరు పట్టీలో అతని పేరు రాయండి. చేతికి తొడుగులివ్వండి. ఏడాదికోసారి నెత్తురు పరీక్ష చేయించండి.